నలభై సెకన్ల దగ్గర ఆపండి

(అనంతపురంలో డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్, పాఠకుల చదువు సందేహాలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఈ ఏడాది అమెరికా రాజ్యాంగం యూనిట్‌కు యూట్యూబ్ వీడియోలు చూపించాను. ఒక్కోటి ఇరవై నిమిషాలు. పిల్లలు కిక్కురుమనకుండా చూశారు. ఇంటర్నల్ పరీక్షలో మాత్రం అక్కడి పై సభ సెనేట్‌లో ఎంతమంది ఉంటారో కూడా సగం మంది రాయలేదు. వీడియోలు మానేసి మళ్ళీ నోట్సే చెప్పుకోవాలా?
- ఒక లెక్చరర్, గుంతకల్లు

జవాబు: మానకండి. కుదించండి.

ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. మొదటిసారి నేనూ పద్దెనిమిది నిమిషాల వీడియో చూపించాను. అన్నాలు తిని వచ్చిన పిల్లలు, కిటికీలు మూసిన గది, బయట ఎండ. శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. అయిపోయాక ఏం చూశారని అడిగితే ఒకమ్మాయి, "విగ్గులు పెట్టుకున్నవాళ్ళు మేడం" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చింది. అమెరికా వాళ్ళ యాసలో గడగడా సాగిపోయే ఇంగ్లీషులో ఆమెకు అందింది బొమ్మ ఒక్కటే.

మరుసటి ఏడు మూడు నిమిషాలది వెతుక్కున్నాను. కాలేజీలో సిగ్నల్‌ను నమ్ముకోకుండా ముందురోజు రాత్రే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకున్నాను. క్లాసులో సౌండ్ పూర్తిగా తీసేసి, మాటలు నేనే తెలుగులో చెప్పాను. సరిగ్గా నలభై సెకన్ల దగ్గర, 1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం మీద సంతకాలు పెడుతున్న పెయింటింగ్ ఒకటి వస్తుంది. అక్కడ ఆపేసి, "ఈ గదిలో ఎవరెవరు లేరో చెప్పండి" అన్నాను.

కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ముందు బెంచీలోంచి "ఆడవాళ్ళు లేరు మేడం" అని వినిపించింది. వెనకనుంచి "నల్లవాళ్ళు లేరు" అన్నారు. బుక్కరాయసముద్రం నుంచి రోజూ బస్సులో వచ్చే అబ్బాయి ఒకడు లేచి నిలబడ్డాడు. "సేద్యం చేసేవాడు ఒక్కడూ లేడు మేడం. అందరి బట్టలూ నలగకుండా ఉన్నాయి" అన్నాడు. ఈ మూడూ బోర్డు మీద రాశాను. ఆ గంటంతా వాటితోనే నడిచింది.

"ఆడవాళ్ళు" పక్కన 1920 అని వేశాను. ఓటు హక్కుకు ఆడమగ తేడా అడ్డు కాకూడదని 19వ సవరణ వచ్చిన ఏడాది అది. మన రాజ్యాంగ సభలోనేమో 15 మంది మహిళలు కూర్చున్నారు, వాళ్ళలో దుర్గాబాయి మన తెలుగావిడే. సేద్యం మాటకొస్తే, వాషింగ్టన్ లాంటివాళ్ళకు వేల ఎకరాలుండేవి, చాకిరీ అంతా బానిసలది. నల్లవాళ్ళ సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగాను. వాళ్ళ కింది సభ అయిన ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చడానికి ఐదుగురు బానిసలను ముగ్గురి కింద లెక్కగట్టారు. అది చెప్పగానే ఒకమ్మాయి, "ఓటేమో లేదు, తలకాయలు మాత్రం లెక్కలోకి తీసుకున్నారా?" అని అడిగింది. గొంతులో కోపం స్పష్టంగా ఉంది. బానిసత్వం 13వ సవరణతో 1865లో రద్దయిందని చెప్పాక ఆ తేదీని ఆమె మరిచిపోయి ఉండదని నా నమ్మకం.

మళ్ళీ ఒక నిమిషం నడిపి రెండోసారి ఆపాను. సమావేశాలకు వచ్చినవాళ్ళు 55 మంది, సంతకాలు 39. మిగతావాళ్ళేమయ్యారు? చాలామంది మధ్యలోనే ఇళ్ళకు వెళ్ళిపోయారు. ముగ్గురు మాత్రం చివరిదాకా ఉండి కూడా మేం పెట్టం అన్నారు. వాళ్ళలో జార్జ్ మేసన్ ఒకరు, పౌరుల హక్కులు ఇందులో రాయలేదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. 1791లో మొదటి పది సవరణలుగా ఆ హక్కులు రాజ్యాంగంలోకి వచ్చాయి. "బిల్ ఆఫ్ రైట్స్ 1791" అని నోట్సులో ఎన్నిసార్లు రాయించినా గుర్తుండనిది, సంతకం పెట్టనని కూర్చున్న మనిషి గుర్తుంటే దానంతటదే గుర్తొస్తుంది.

మీ సెనేట్ సంగతీ ఇలాగే. 50 రాష్ట్రాలు, రాష్ట్రానికి ఇద్దరు, వెరసి 100. పెద్ద రాష్ట్రం కాలిఫోర్నియాకూ ఇద్దరే, అతి తక్కువ జనం ఉన్న వయోమింగ్‌కూ ఇద్దరే. అక్కడ వీడియో ఆపి మన రాజ్యసభ లెక్క బోర్డు మీద వేయండి. ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, సిక్కింకు 1. ఏది న్యాయమో పిల్లలనే వాదించుకోనివ్వండి, మీరు పక్కకు జరగండి.

వీడియోల్లో దొరకనిది ఒకటుంది, అది మీరే చెప్పాలి. మన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్ళి, అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. వాళ్ళ రాజ్యాంగంలోని "డ్యూ ప్రాసెస్" (న్యాయమైన పద్ధతి పాటించాలన్న షరతు) మాట మీకు వద్దు, దానివల్ల కోర్టుల మీద భారం పెరుగుతుందని ఫ్రాంక్‌ఫర్టర్ సలహా. అందుకే మన ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణంలో ఆ మాట లేదు, "చట్టం నిర్దేశించిన పద్ధతి" అని ఉంది. 1978లో మేనకా గాంధీ కేసులో మన సుప్రీంకోర్టు ఆ పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండి తీరాలంది. అమెరికా పాఠం మన పిల్లలకు ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెబుతాను.

ప్రశ్న: మేడం, మా మనవడు డాలస్‌లో ఐదో తరగతి. ఆదివారం వీడియో కాల్‌లో "అమ్మమ్మా, మా స్కూల్లో గవర్నమెంట్ గురించి చెబుతున్నారు" అంటాడు. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. తిన్నావా, పడుకున్నావా అనడం తప్ప వాడితో ఏం మాట్లాడాలో తెలియడం లేదు.
- ఒక అమ్మమ్మ, తాడిపత్రి

జవాబు: అమ్మా, పదో తరగతి చాలు. స్కూల్లో చూపించిన చిన్న వీడియో ఏదైనా ఉంటే లింకు పంపమని మీ అమ్మాయికి చెప్పండి. కాల్‌కు ముందు రెండుసార్లు చూడండి. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేలా పెట్టుకుని, వేగం కొంచెం తగ్గించుకుంటే అర్థమవుతుంది. ఆ తర్వాత వాడిచేత చెప్పించుకోండి. సగం ఇంగ్లీషు, సగం తెలుగు అయినా సరే, దిద్దకండి. అమ్మమ్మకు పాఠం చెప్పే పిల్లవాడు ఆ పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకుని వస్తాడు.

బిల్లు చట్టం ఎలా అవుతుందో వాడు చెబుతాడనుకోండి. ప్రతినిధుల సభలో 435 మంది, తర్వాత సెనేట్, ఆపైన ప్రెసిడెంట్ సంతకం. ఆయన వద్దని తిప్పి పంపితే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అప్పుడు మీరు మనది చెప్పండి. మన రాష్ట్రపతి మామూలు బిల్లును ఒకసారి వెనక్కి పంపవచ్చు, పార్లమెంటు మళ్ళీ ఆమోదిస్తే సంతకం పెట్టాల్సిందే. అలాంటి రాష్ట్రపతి ఒకాయన మన ఇల్లూరులో పుట్టారని, నీలం సంజీవరెడ్డి గారి పేరు చెప్పండి. తాడిపత్రి నుంచి ఇల్లూరు ఎంత దూరమో మ్యాప్‌లో వేలుపెట్టి చూపించండి. టైము విషయం కూడా చూసుకోండి. ఎండాకాలంలో మనకు ఆదివారం ఉదయం ఏడున్నర అయితే వాళ్ళకు శనివారం రాత్రి తొమ్మిది. కళ్ళు మూతలు పడుతున్న పిల్లవాడిచేత పాఠం చెప్పించకండి, పది నిమిషాలు చాలు.

ప్రశ్న: మేడం, నేను గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. టైము లేక నిమిషం వీడియోల మీదే ఆధారపడుతున్నాను. ఒకదాంట్లో 1776 జులై 4న అందరూ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెట్టారని, ఇంకోదాంట్లో అమెరికా ప్రజలు ప్రెసిడెంట్‌ను నేరుగా ఎన్నుకుంటారని చెప్పారు. పుస్తకంలో వేరేగా ఉంది. టెన్షన్‌గా ఉంది.
- ఒక అభ్యర్థి, అనంతపురం

జవాబు: రెండు వీడియోలూ తప్పే నాయనా, పుస్తకాన్నే పట్టుకో. జులై 4 ప్రకటనను ఆమోదించిన రోజు. సంతకాల్లో ఎక్కువ భాగం ఆగస్టు 2న పడ్డాయి. అసలు కాగితం వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో దాని పాఠం, చరిత్ర రెండూ చదువుకోవచ్చు. నిమిషం వీడియో చూసిన ప్రతిసారీ అందులోని ఒక్క తేదీనైనా అలాంటి చోట సరిచూసుకో.

ప్రెసిడెంట్‌ను ఎన్నుకునేది ఎలక్టర్లు, అంటే రాష్ట్రాలవారీగా ఎంపికై ప్రెసిడెంట్‌కు ఓటేసే ప్రతినిధులు. మొత్తం 538 మంది, గెలవడానికి 270 కావాలి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ప్రజల ఓట్లు ఎక్కువ వచ్చినా ట్రంప్ గెలిచింది అందుకే. మన రాష్ట్రపతి ఎన్నికా నేరుగా జరిగేది కాదని, ఎంపీలూ ఎమ్మెల్యేలూ ఓటేస్తారని, ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్ర జనాభాను బట్టి ఉంటుందని నీకు తెలుసు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, ఆ లెక్కకు ఆధారం 1971 జనాభా. రెండు పద్ధతులనూ ఒకే పేజీలో పక్కపక్కనే నీ చేత్తో రాసుకో.

ఇంకొకటి. ప్రతినిధుల సభ 435, సెనేట్ 100, కలిపితే 535. మరి 538కి ఆ మూడు ఎక్కడివి? వాళ్ళ రాజధాని నగరం దగ్గర మొదలుపెట్టి వెతుకు. దొరికాక సవరణ నంబరు, సంవత్సరం రెండూ రాసి పంపు, వచ్చే సంచికలో వేస్తాను.