భూమి, పట్టా లేని కూలి కుటుంబం పూర్వీకులను ఎలా వెతుక్కోవాలి?

మీ తాత బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో కూలి అన్నారు. ఆయన నాయన ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ తెలీదు, ఇంట్లో పాత కాగితం ఒక్కటీ లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మాదీ అలాంటి ఇల్లే. మా జేజినాయన, అంటే తాత, కడప వైపు నందలూరు రైల్వే లోకో షెడ్డులో ఖలాసీ. స్టీమ్ ఇంజన్లకు బొగ్గు ఎత్తి, బూడిద తీసి బతికిన మనిషి. ఆయన వెనక ఎవరున్నారో తెలుసుకోవాలని నేను చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. కొంత దొరికింది, కొంత ఇప్పటికీ దొరకలేదు.

ముందుగా ఒక మాట. పూర్వీకుల గురించి ఎవరిని అడిగినా అడంగల్ (పొలాల సాగు లెక్క) చూడు, ఇనాం రిజిస్టర్ (మాన్యాల లెక్క) చూడు, కైఫీయత్తులు (ఊళ్ల పాత చరిత్రలు) చదువు అంటారు. అవన్నీ భూమి ఉన్నవాళ్లకు, మాన్యాలు ఉన్నవాళ్లకు పనికొస్తాయి. కంపెనీ కాలపు కలెక్టరు మన్రో నాటి నుంచి ఈ జిల్లాల్లో సర్కారుకు కావలసింది శిస్తు కట్టే రైతు పేరు. వాడి పొలంలో జీతానికి ఉన్నవాడి పేరుతో సర్కారుకు పని పడలేదు. కాబట్టి మనలాంటి వాళ్లు భూమి వైపు నుంచి కాకుండా పని వైపు నుంచి, పెళ్లిళ్ల వైపు నుంచి వెతకాలి.

మా జేజి బతికున్నప్పుడు ఒక మాట అంటుండేది. "మనోళ్లు బళ్లారి జిల్లా నుంచి కరువులో వచ్చినారంట నాయనా." మా నాయన తరం వాళ్లు దీన్ని నమ్మేవాళ్లు కాదు. ఇంట్లో ఒక్కరికీ కన్నడం ముక్క రాదు, చుట్టాలెవరూ బళ్లారిలో లేరు, ముసలామె ఏదో చెప్తాంది అనేవాళ్లు. నేనూ చాలాకాలం ఆ మాటను పక్కన పెట్టాను. తర్వాత తెలిసింది, అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో. అంతకు ముందు గుత్తి, తాడిపత్రి, పెనుకొండ అన్నీ బళ్లారి జిల్లాలోవే. అంటే గుత్తి దగ్గరి పల్లెలో పుట్టిన తెలుగు కూలి కూడా ఆ రోజుల్లో మాది బళ్లారి జిల్లా అనే చెప్పుకుంటాడు.

ఇక కరువు. ఏ కరువు? మన సీమలో ఈ ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి. ఎందుకంటే ఏ ఇంట్లో అడిగినా కరువులో వచ్చాం అనే చెప్తారు. 1876-78 నాటి ధాత కరువు ఉంది, 1890ల్లో వచ్చినవి ఉన్నాయి, 1950ల మొదట్లో గంజి కేంద్రాలు పెట్టిన కరువూ ఉంది. వయసులతో లెక్క కట్టి చూడటం ఒక్కటే దారి. జేజినాయన పెన్షన్ కాగితాల్లో పుట్టిన సంవత్సరం 1916 అని, స్వస్థలం నందలూరు అని ఉంది. ఆయన నాయన కూడా నందలూరు వైపే పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేశాడని మా మేనత్త చెప్పింది. అలాగైతే వలస వచ్చింది ఆయన కంటే ముందు తరం. బళ్లారి జిల్లా అనే పేరుతో కలిపి చూస్తే అది ధాత కరువే అయ్యుండాలి. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు దారి 1871 నాటికే పూర్తయింది. పట్టాల వెంట పని దొరికిన చోటికి నడుచుకుంటూ వచ్చి ఉంటారు. ఇది రుజువు కాదు. కానీ ముసలామె చెప్పిన మాటలో ఏ ముక్కా కొట్టిపారేసేది కాదని మాత్రం నాకు నమ్మకం కుదిరింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది మా మేనత్త పెళ్లినాటి చదివింపుల చిట్టా. ట్రంకు పెట్టె అడుగున అరిగిపోయిన నోటుబుక్కు. ఎవరు, ఏ ఊరి నుంచి వచ్చి, ఎంత చదివించారో అందులో ఉంది. ఒక రూపాయి, రెండు రూపాయలు, ఒక రవిక గుడ్డ. అందులో గుత్తి నుంచి, పామిడి నుంచి వచ్చిన వాళ్ల పేర్లున్నాయి. వాళ్లు మాకు ఏ వరస అవుతారో ఇప్పుడు ఎవరికీ తెలీదు. కానీ చేతిలో డబ్బు ఆడని రోజుల్లో అంత దూరం నుంచి వచ్చి రూపాయి చదివించారంటే ఊరకే రారు. ఇలాంటి పుస్తకం మీ ఇంట్లో లేకపోయినా, మీ తాత అక్కచెల్లెళ్లను ఇచ్చిన ఇళ్లల్లో అడగండి. ఆడబిడ్డల ఇళ్లలో ఇవి భద్రంగా ఉంటాయి.

మా అమ్మ వైపు వాళ్లు జమ్మలమడుగు దగ్గర క్రైస్తవులు. అక్కడ పని సులువైంది. లండన్ మిషన్ వాళ్లు కడపలో 1822లోనే పని మొదలుపెట్టారు, తర్వాత జమ్మలమడుగు, గుత్తి వైపూ వచ్చారు. ఒక పాత బాప్తిస్మ రిజిస్టర్‌లో అమ్మమ్మ నాయన పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు, ఊరు దొరికాయి. ఆయన తల్లి పేరు చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంట్లో ఆ తరం ఆడమనిషి పేరు తెలిసింది అదొక్కటే.

దొరకనివి కూడా చెప్తాను. మా ఇంట్లో పుట్టువెంట్రుకలు కదిరి నరసింహస్వామి దగ్గర తీయిస్తారు. ఒంటిమిట్ట పక్కనే ఉండగా అంత దూరం ఎందుకు పోతామో తెలీదు. కదిరి 1910 దాకా కడప జిల్లాలోనే ఉండేది, బళ్లారిలో కాదు. గుత్తి కథకు ఇది పొసగదు. కదిరికి అన్ని ఊళ్ల నుంచీ వస్తారు కాబట్టి దాని మీద పెద్దగా ఆధారపడను, అయినా ఆ ప్రశ్న నన్ను వదలదు. ఇంకోటి, కరువులో వచ్చేటప్పుడు ఒక బిడ్డను ఎవరింట్లోనో వదిలిపెట్టి వచ్చారని ఒకసారి మేనత్త నోటి నుంచి జారింది. మళ్లీ అడిగితే "ఆ మాట ఎత్తొద్దు నాయనా" అంది. నేను మళ్లీ ఎత్తలేదు. జీతానికి పెట్టారో, పెంచుకోమని ఇచ్చారో, అమ్ముకున్నారో నాకు తెలీదు. నా రాతల్లో ఆ చోటు ఖాళీగానే ఉంచాను. అక్కడ ఏదో ఒక కథ అల్లి పెడితే నా పిల్లలు దాన్నే నిజమనుకుంటారు. మీరూ ఖాళీలను ఖాళీలుగానే రాసుకోండి.

ఇక మీ సంగతి. మీ తాత ఒక్క ఏడాదైనా బడికి పోయి ఉంటే ఆ బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి పేరు ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా డీకేటీ పట్టా (భూమి లేనివాళ్లకు సర్కారు భూమి ఇచ్చిన పట్టా) వచ్చిందా, పాత తనఖా కాగితం ఏదైనా ఉందా కనుక్కోండి. పాత దస్తావేజుల్లో ఫలానా ఊరి కాపురస్తుడు అని తప్పకుండా రాస్తారు. జనన మరణాల పాత రిజిస్టర్లు గ్రామ మునసబుల దగ్గర ఉండేవి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాక కాగితాలు చేతులు మారాయి, కొన్నిచోట్ల చెదలు తిన్నాయి. దొరికినా పుట్టిన బిడ్డ పేరు ఉండకపోవచ్చు, తండ్రి పేరు పట్టుకుని చూడండి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అంతకు ముందటి వాటికి పాత తాలూకా పేరు చెప్పి అడగాలి. మీ వాళ్లలో క్రైస్తవులుంటే నంద్యాల, ముత్యాలపాడు వైపు ఎస్.పి.జి. మిషన్ (ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ మిషన్) పాత చర్చిల్లో విచారించండి.

వీటన్నిటి కంటే ముందు, మీ బంధువుల్లో అందరికంటే పెద్ద వయసున్న అవ్వ దగ్గరికి ఈ వారమే వెళ్లండి. మన వంశం ఏది అని అడిగితే ఏమీ చెప్పదు. పెళ్లికి ఏ ఊరి నుంచి ఎవరెవరు వచ్చారు, పురుడుకు ఎక్కడికి పోయేవాళ్లు, పనికి ఏ మేస్త్రీ తీసుకుపోయాడు అని అడగండి. ఆమె మాట ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అది విన్నాక మళ్లీ ఇక్కడ రాస్తే, ఊరి పేర్లు చూసి నాకు తెలిసింది చెప్తాను.