గుగ్గిలాన్ని బంక అనవచ్చునా?

సందేహం: చెట్టు నుంచి కారే రెజిన్‌ను ఒక పుస్తకంలో ‘బంక’ అనీ, మరొక దానిలో ‘గుగ్గిలం’ అనీ రాశారు. రెండూ ఒకటేనా? గుగ్గిలం సంస్కృత పదమా?

సమాధానం: రెండూ చెట్టు బెరడు మీది గాటు నుంచి కారి గట్టిపడేవే అయినా, వాడుకలో బంక వేరు, గుగ్గిలం వేరు. తుమ్మబంక పలుకును గ్లాసెడు నీళ్లలో వేసి ఉంచితే తెల్లవారేసరికి ఉబ్బి, కరిగి, కాగితాలు అతికించడానికి పనికివస్తుంది. గుగ్గిలపు పలుకు మాత్రం ఆ నీళ్లలో రాయిలా వేసింది వేసినట్టే ఉంటుంది. నిప్పుల మీద ఇందుకు తలకిందులు: బంక మాడి బొగ్గవుతుంది, గుగ్గిలం కరిగి పొంగి ఇల్లంతా పరిమళించే పొగ వేస్తుంది. ఇంగ్లీషువారి గమ్, రెజిన్ అనే విభజనకు ఆధారం కూడా ఇదే కనుక, రెజిన్‌ను బంక అనడం పొరపాటు. ఇక జిగురు అనే మాట పదార్థాన్ని కన్నా గుణాన్ని ఎక్కువగా చెబుతుంది. జిగురు బెండకాయకూ ఉంది.

గుగ్గిలానికి మూలం సంస్కృతంలోని ‘గుగ్గులు’. వైదిక వాఙ్మయంలో దీనికి ‘గుల్గులు’ అనే రూపం కూడా ఉంది. అథర్వవేదంలోని ఒక మంత్రం గుగ్గులును సింధుదేశానిదిగానూ, సముద్రం మీదుగా వచ్చినదిగానూ పేర్కొంటుంది. తమిళంలో ఇది ‘కుంగిలియం’ అయింది. శివుడికి ఆ ధూపం వేయడమే వ్రతంగా పెట్టుకున్న నాయనారుకు (తమిళ శివభక్తుడికి) కుంగిలియక్కలయర్ అనే పేరు అందువల్లనే వచ్చింది. (ఉడికించిన ఉలవల గుగ్గిళ్లకూ దీనికీ చుట్టరికం లేదు. అడిగేవారు తరచుగా ఉన్నారు కనుక చెబుతున్నాను.)

అయితే మాట మనదాకా వచ్చేసరికి వస్తువు మారిపోయింది. సంస్కృత గుగ్గులు రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల మెట్టనేలల్లో పెరిగే ముళ్లపొద నుంచి వచ్చేది. తెలుగులో గుగ్గిలం అంటే ప్రధానంగా సాలవృక్షం నుంచి కారేది, అమరకోశం ‘సర్జరసం’, ‘రాల’ అని చెప్పినది. అందువల్ల వైద్యగ్రంథంలోని గుగ్గులును గుగ్గిలం అని అనువదిస్తే మందే మారిపోతుంది. మూలికల దుకాణంలో గుగ్గులుకు మహిసాక్షి అనే పేరుంది, ఆ పేరే వాడాలి.

రెజిన్‌కు సామాన్య పదంగా కొందరు ‘నిర్యాసం’ సూచిస్తారు. అది బంకకూ గుగ్గిలానికీ కూడా చెల్లే మాట కనుక, ఈ భేదం చూపవలసిన చోట అక్కరకు రాదు. నా మటుకు నేను శాస్త్రగ్రంథాలలో ‘రెజిన్’ అనే ఉంచి, సాలవృక్షపు ప్రస్తావన వచ్చినచోట మాత్రమే గుగ్గిలం అని రాస్తాను.