బుజ్జమ్మకి, శనివారం గ్రూపుకి వెళ్ళే ముందు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, ఇది శనివారం నుంచి ఏదో గ్రూప్ కౌన్సిలింగ్‌కి వెళ్తుందట, ముక్కూమొహం తెలీనివాళ్ళ ముందు వాళ్ళ నాన్న గురించి చెప్పుకుంటుందట" అని ఒకటే గోల. నాకూ భయం వేసింది గానీ, ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మీ నాన్న పదకొండో రోజున బకెట్ పట్టుకుని ప్రతి బంతికీ నువ్వే సాంబారు వడ్డించావు, కంట్లో చుక్క నీరు లేదు, ఆ రోజు నుంచీ నాకు నీ మీదే బెంగ.

టైముకి వెళ్ళు, ఫోన్ ఆపెయ్యి, ఒక్కసారి వెళ్ళి మానెయ్యకు. మొదటి రోజు మాట రాకపోతే ఊరికే విను.

2003లో గుంటూరులో నేనూ వెళ్ళానే, మీ అమ్మకి కూడా సగమే తెలుసు. తాగేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ కోసం పెట్టింది, ఎనిమిది మందిమి, గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు, గంటన్నర. మూడు వారాలు నోరు తెరవలేదు. నాలుగో వారం, మీ పెద్దనాన్న క్వార్టర్ సీసా బియ్యం డబ్బాలో దాస్తారని చెప్పి తల దించుకున్నా. ఒకామె "మా ఇంట్లోనూ బియ్యం డబ్బానే" అంది, ఇంకొకామె "మాకు కందిపప్పు డబ్బా" అంది, నవ్వేశాం, ఏడ్చేశాం. అప్పటిదాకా ఈ ఖర్మ నాకొక్కదానికే అనుకున్నా. చుట్టాలంతా చెప్పిన ఓర్చుకో ఓర్చుకోల కన్నా ఆ డబ్బాల మాటే నన్ను నిలబెట్టింది. మా కౌన్సిలర్ మేడం చెప్పేది, 1905లో బోస్టన్‌లో ప్రాట్ అనే డాక్టరు, శానిటోరియంకి, అంటే టీబీ ఆసుపత్రికి, వెళ్ళడానికి డబ్బుల్లేని పేషెంట్లని వారం వారం ఒకచోట కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పేవాడట, ఆ జాగ్రత్తలతో పాటు ఒకళ్ళకొకళ్ళు తోడవడం కూడా వాళ్ళకి మందులా పనిచేసిందట.

ఇప్పుడు అసలు సంగతి, ఇది ఎవరికీ చెప్పలేదు. మా గ్రూపులో ఒకామె, గాజులు అమ్మి అప్పు తీర్చానని, చేతికున్నవి రోల్డ్‌గోల్డ్ అని, అత్తగారికి తెలీదని చెప్పింది, చెప్తూ ఆ గాజులు పైకీ కిందికీ జరుపుతూనే ఉంది. ఆ నెల్లోనే తెనాలి పెళ్ళిలో మా తోడికోడలు బంగారం రేట్ల గురించి మాట్లాడుతుంటే నేను ఉండబట్టలేక "పాపం మా గ్రూపులో ఒకామె" అని మొదలెట్టా. పేరు చెప్పలేదు కదా అనుకున్నా. ఆయనకి మెకానిక్ షెడ్డు ఉందని మాత్రం అన్నా. అది చాలదూ? రెండు వారాలకి ఆమె వచ్చింది, చేతులకి గాజుల్లేవు, "నేనీ గదిలో తప్ప ఇంకెక్కడా చెప్పలేదండీ" అని ఒక్క మాటంది. మేడం అందరి మొహాలూ చూసింది. నేను పైట చెంగు మడతలు పెట్టుకుంటూ కూర్చున్నా. నేనే అని ఒప్పుకునుంటే ఆమె తిట్టేదేమో, ఉండేదేమో. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎవరూ పెద్దగా మాట్లాడలేదు కూడా, పిల్లల చదువులూ ఎండలూ అంతే. ఇప్పటికీ బజార్లో గాజుల కొట్టు ముందు నుంచి వెళ్తే నాకు ఆమె మణికట్టే కనపడుతుంది.

అందుకే చెప్తున్నా, అక్కడ విన్నది మీ అమ్మకీ చెప్పకు, హాస్టల్లో రూమ్మేట్‌కీ చెప్పకు, స్టేటస్‌లో పెట్టావంటే నేనే వచ్చి చెవి మెలేస్తా. పేరు దాస్తే సరిపోదు, ఊరు, ఉద్యోగం ఏదో ఒకటి పట్టిస్తుంది. బయట చెప్పాలంటే నీ కథే చెప్పుకో. మొదటి రోజే మీ కౌన్సిలర్‌ని అడుగు, ఎవరైనా మాట జారితే ఏం చేస్తారని. ప్రాణం మీదకొస్తే మటుకు వాళ్ళు ఇంట్లోవాళ్ళకి చెప్తారు, చెప్పాలి కూడా, అది అడిగి తెలుసుకో. నీ వల్లే పొరపాటు జరిగితే మటుకు ఆ కుర్చీలోనే ఒప్పేసుకో తల్లీ, నాలా కూర్చోకు.

గ్రూపు వారానికొక్కసారే, మధ్యలో ఏ రాత్రో తట్టుకోలేకపోతే 14416కి చెయ్యి, టెలీ మానస్ అని మనసు బాగోనప్పుడు మాట్లాడే గవర్నమెంటు ఫోన్ లైను, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు. లేదా నాకు చెయ్యి, నాకెలాగూ నిద్ర పట్టదు.

శనివారం అయ్యాక ఫోన్ చెయ్యి. లోపల ఏం జరిగిందో అడగను. తిన్నావా అనే అడుగుతా.

మీ పెద్దమ్మ