పప్పు వల్ల చీము పట్టదమ్మా

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే, మాది దిల్‌సుఖ్‌నగర్. మూడేళ్ల కింద మొదటి కాన్పు సిజేరియన్ అయింది, ఇంటికొచ్చినంక కుట్ల దగ్గర చీము కారి రెండు వారాలు డ్రెస్సింగ్‌కి తిరిగాం. నేను పప్పు తిన్నందుకే అని మా అత్తమ్మ ఇప్పటికీ అంటది. ఇప్పుడు ఎనిమిదో నెల, మళ్లీ సిజేరియనే అన్నారు. అప్పుడు కోతకి ముందు పొట్టకి గోధుమ రంగు అయోడిన్ పూశారు, మా ఆడపడుచు నర్సు, క్రిములు చంపడానికి క్లోర్‌హెక్సిడిన్ అనే మందు ఇంకా మంచిదంటది. నిజమేనా? అడిగితే డాక్టరమ్మ ఏమన్నా అనుకుంటుందా?

జవాబు: ముందు మీ మనసులోంచి ఆ పప్పు తీసేయండమ్మా. చీము క్రిముల వల్ల పడుతుంది, ఆ క్రిములు చాలావరకు మన చర్మం మీద ఉండేవే. పప్పు, గుడ్డు తినడం ఆపేస్తే పుండు మానడం ఇంకా ఆలస్యమవుతుంది.

మీ ఆడపడుచు మాట కరెక్టే. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 2011 నుంచి 2015 దాకా 1,147 మంది సిజేరియన్ తల్లుల మీద ఈ రెండూ పోల్చి చూశారు, రెండిట్లోనూ ఆల్కహాల్ కలిపే ఉంది, 30 రోజుల్లో క్లోర్‌హెక్సిడిన్ పూసినవాళ్లలో 23 మందికి అంటే 4 శాతానికి, అయోడిన్ పూసినవాళ్లలో 42 మందికి అంటే 7.3 శాతానికి కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చింది. క్లోర్‌హెక్సిడిన్ చర్మాన్ని పట్టుకొని ఎక్కువసేపు పనిచేస్తుంది, అయోడిన్‌కి రక్తం తగిలితే పవర్ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌నే వాడమంటోంది. అయినా అయోడిన్ పూసినా నూటికి తొంభై మందికి పైగా ఏమీ కాలేదు కదా, కాబట్టి మీకు అప్పుడు వచ్చింది ఆ మందు వల్లే అని చెప్పలేను.

ఏ మందైనా పూసినంక ఆరాలి, అదే ముఖ్యం. పొట్ట మీద తడి మెరుస్తా ఉంటుంది, కొంచెం నడుము కిందికి జారి గుడ్డ తడుస్తుంది, ఆ తడిగుడ్డ తీసేసి, మెరుపు పోయేదాకా దాదాపు మూడు నిమిషాలు ఆగందే నేను బ్లేడ్ పట్టను. ఆల్కహాల్ ఆరకముందే కరెంటు కాటరీ, అంటే రక్తం ఆగడానికి కాల్చే పరికరం, పెడితే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

డాక్టరమ్మని నిర్భయంగా అడగండి, పోయినసారి చీము పట్టిన సంగతి ముందే చెప్పండి, కోత పెట్టకముందే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తారా అని కూడా అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ఇది అందరు తల్లులూ అడగాల్సిన ప్రశ్నే. ఇంట్లో రేజర్‌తో షేవ్ చేసుకోకండి, ఆ సన్న గాట్లలోనే క్రిములు చేరతాయి. షుగర్ ఉంటే కంట్రోల్‌లో పెట్టుకోండి. ఇంటికొచ్చినంక కుట్లు ఎర్రబడినా, నీరు కారినా, జ్వరం వచ్చినా పసుపు పెట్టి చూద్దాం అనుకోకుండా అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లండి.