స్పానిష్ రాకపోయినా మిషన్ వీధుల సౌండ్‌వాక్‌కు వెళ్ళవచ్చా?

శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ ప్రాంతంలో లాటినో వలస కుటుంబాల కథలను సంగీతంతో వినిపించే సౌండ్‌వాక్‌కు, అంటే ఇయర్‌ఫోన్‌లో రికార్డు వింటూ వీధుల్లో సాగే నడకకు, వెళ్ళాలని ఉందనీ, స్పానిష్ ఒక్క ముక్క రాదు కాబట్టి ఏమైనా బోధపడుతుందా అనీ మీరు అడిగారు. నాకూ ఆ భాష కొట్లో బేరమాడేంతకు మించి రాదు, అయినా నిస్సంకోచంగా వెళ్ళమనే చెబుతాను. ఏ వాద్యం ఎక్కడి నుంచి, ఏ కాలంలో ఆ వీధికి చేరిందో కాస్త తెలుసుకుని వెళితే, మాట అందని చోట కూడా కథ అందుతుంది.

24వ వీధి బార్ట్ రైలు స్టేషన్‌లో దిగి తూర్పుగా నడవండి. వారాంతాల్లో అక్కడి తాకెరియాలనే మెక్సికన్ హోటళ్ళలోకి ఇద్దరు ముగ్గురు వాద్యకారులు వచ్చి, భోంచేస్తున్నవారి బల్ల పక్కనే నిలబడి వాయిస్తూ ఉంటారు. ఒకరిది మీటల అకార్డియన్, మరొకరిది బాహో సెక్స్‌తో అనే పన్నెండు తీగల వాద్యం. రెండో మనిషి ముందు మంద్రస్థాయి తీగను ఒక్క దెబ్బ కొట్టి, ఆ వెంటనే పై తీగలన్నిటినీ కలిపి మీటడం గమనించండి, పాట నడక మొత్తం అక్కడే ఉంటుంది. ఇది ఉత్తర మెక్సికో బాణీ. ఇందులోని అకార్డియన్ మాత్రం 19వ శతాబ్దంలో టెక్సాస్‌కూ ఉత్తర మెక్సికోకూ వచ్చి స్థిరపడిన జర్మన్, చెక్ వలసదారుల నుంచి వచ్చింది. ఐరోపా నుంచి వచ్చి పద్యనాటకానికి ప్రాణమైన మన హార్మోనియం నాకు అక్కడ గుర్తుకు రాక మానదు.

తరువాతి తరం కథ కావాలంటే గిటారిస్టు కార్లోస్ సాంటానాను చూడాలి. 1947లో మెక్సికోలోని ఔత్లాన్‌లో పుట్టిన ఆయనకు మరియాచి అనే మెక్సికన్ సంగీతంలో వయొలినిస్టు అయిన తండ్రే తొలి గురువు. కుటుంబం శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చాక మిషన్ హైస్కూల్‌లో చదివిన ఆయన, రాక్ గిటార్‌కు కాంగా, టింబాలే డోళ్ళ దరువు తోడైన తన బృందంతో 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక ఎక్కారు. తండ్రి వయొలిన్‌కూ కొడుకు ఎలక్ట్రిక్ గిటార్‌కూ మధ్య ఉన్న దూరమే నా దృష్టిలో ఆ పేట చరిత్ర.

కుంబియా అనే నృత్య లయ వినబడితే మాత్రం అది ఏ దేశంవారి ఇల్లో తొందరపడి తేల్చేయకండి. కొలంబియా కరీబియన్ తీరంలో పుట్టిన ఆ లయ మెక్సికోకూ మధ్య అమెరికాకూ పాకి, ఎవరికి వారు సొంతం చేసుకున్నది. 1980 నుంచి 1992 దాకా సాగిన ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధం నుంచి తప్పించుకుని ఎందరో ఈ పేటకు చేరారు. మధ్య అమెరికా యుద్ధాలలో అమెరికా జోక్యాన్ని నిరసిస్తూ 1984లో చిత్రకారులు కుడ్యచిత్రాలతో నింపిన బామీ సందు ఈ దారిలోనే ఉంది, అక్కడ కాసేపు ఆగండి.

ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవడం మంచిది. రికార్డు చేసిన కథలో లేనిది వీధిలో వినిపిస్తుంది, ఒకప్పుడు వినిపించినది ఇప్పుడు వినిపించకపోవడమూ తెలుస్తుంది. 24వ వీధిలో స్పానిష్ రికార్డులు అమ్మిన డిస్కోలాండియా 2011లో మూతపడితే, తరువాత వచ్చిన వ్యాపారం పాత బోర్డును అలాగే ఉంచింది. అద్దెలు పెరగడంలో మనలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వాటా తక్కువేమీ కాదు. 2013 డిసెంబరులో స్థానికులు అలాంటి ఉద్యోగులను తీసుకువెళ్ళే కంపెనీ బస్సును అడ్డగించినది ఈ వీధి మలుపులోనే.

చిల్లర నోట్లు జేబులో ఉంచుకోండి. వాద్యకారులు మీ బల్ల దగ్గరికి వస్తే, పాటకు ఎంత ఇవ్వాలో ముందే అడిగి, ఆ తరువాతే వాయించమనండి.