పాటల ప్రశ్నలు: ఐదుగురూ ఐదు దిక్కులకి పోతే

ప్రశ్న: ఆబిడ్స్ ఆదివారం మార్కెట్‌కి పుస్తకాల కోసం వెళ్తే ఒకచోట పాత రికార్డులు పెట్టారండి. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ 'యెస్' వాళ్ల 'యెస్‌సాంగ్స్' లైవ్ సెట్టు, వాళ్ల బేస్ గిటారిస్టు సోలో ఆల్బమ్ కనపడ్డాయి. ఏది కొనాలో తేలక రెండూ వదిలేసి వచ్చా. అసలు బ్యాండ్ నడుస్తుండగా సోలోలు ఎందుకండీ, గొడవలా?
- ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: రెండూ వదిలేశారా! వచ్చే ఆదివారం పొద్దున్నే వెళ్లండి బాబూ, మధ్యాహ్నానికి ఏమీ మిగలదక్కడ.

గొడవలేం కాదు. 1974లో 'రిలేయర్' ఆల్బమ్ చేసి, టూర్లు తిరిగి, కాస్త గ్యాప్ తీసుకుని ఎవరి ఆల్బమ్ వాళ్లు చేసుకుందాం అనుకున్నారు. 1975-76లో ఐదుగురివీ వచ్చేశాయి: స్టీవ్ హౌ, క్రిస్ స్క్వైర్, అలన్ వైట్, పాట్రిక్ మొరాజ్, జాన్ ఆండర్సన్. మొరాజ్ బ్రెజిల్ వాద్యాల వాళ్లని పెట్టుకున్నాడు, ఆండర్సన్ అయితే వాయిద్యాలన్నీ తనే వాయించేసుకున్నాడు. అన్నీ గొప్పవని నేననను, అలన్ వైట్‌ది ఒకసారి విని పక్కన పెట్టేశా.

మీరు చూసిన సోలో స్క్వైర్‌ది, 'ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్', 1975. బాత్రూంలోకి దూరితే ఓ పట్టాన బయటికి రాడని ఫ్రెండ్స్ ఆయనకి 'ఫిష్' అని పేరు పెట్టారు, ఆ టైటిల్ అందుకే. బ్యాండ్‌లో మొదటి డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్‌ని పిలిచి డ్రమ్స్ వాయింపించాడు, ఆర్కెస్ట్రా కూడా పెట్టాడు, ఐదింట్లో యెస్ లాగా వినపడేది ఇదే అని నా లెక్క. అంటే ఆ బ్యాండ్ సౌండ్‌లో సగం ఈయన బేసే అన్నమాట, అది ఈ రికార్డు వింటేగానీ మనకి తెలీదు.

అయినా ముందు 'యెస్‌సాంగ్స్' కొనండి. 1973లో వచ్చింది, మూడు రికార్డులు, కాబట్టి బేరం ఆడేముందు లోపల మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి, రోజర్ డీన్ బొమ్మల అట్ట చూసి మురిసిపోయి డబ్బులిచ్చేస్తే ఇంటికెళ్లాక రెండే ఉంటాయి, నాకలాగే జరిగింది. సౌండ్ కొంచెం మసకగా ఉంటుంది, దానికి సిద్ధపడండి. కానీ మన కచేరీలో తని ఆవర్తనం వస్తే అప్పటిదాకా వెనకున్న మృదంగం ఆయన ఒక్కసారి ముందుకొస్తాడు చూడండి, అట్లా ఇందులో ఒక్కొక్కరికీ వంతు వస్తుంది. హౌ ఒంటరిగా గిటార్, మొరాజ్ కంటే ముందు కీబోర్డ్ వాయించిన రిక్ వేక్‌మన్ తన సోలో ఆల్బమ్ ముక్కలు, స్క్వైర్ పొడుగాటి బేస్. సోలోల పిచ్చి అప్పటికే ఉందన్నమాట! ఇంకో సంగతి, 1972లో బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్యాండ్‌కి వెళ్లిపోతే అలన్ వైట్ ఆ పాటలన్నీ మూడు రోజుల్లో నేర్చుకుని టూరెక్కాడు. ఇందులో ఎక్కువ డ్రమ్స్ ఆయనవే, బ్రూఫర్డ్‌వి రెండో మూడో. ఎవరిది ఏదో చెవితో కనిపెట్టండి, ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ప్రశ్న: రిక్ వేక్‌మన్ 'జర్నీ టు ద సెంటర్ ఆఫ్ ద ఎర్త్' స్టూడియో రికార్డింగ్ అని నేను, లైవ్ అని మా తమ్ముడు. ఎవరు రైట్?
- ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: తమ్ముడే గెలిచాడమ్మా, చాయ్ మీరే పోయించాలి. 1974 జనవరి 18న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో జనం ముందే రికార్డు చేశారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, కోయిర్, మధ్యలో కథ చెప్పడానికి నటుడు డేవిడ్ హెమింగ్స్, ఇంతమందినీ స్టూడియోలో కూర్చోబెడితే ఖర్చు ఎక్కడికో పోయేది. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది, వేక్‌మన్ యెస్ వదిలేసిందీ ఆ ఏడాదే, మళ్లీ 1976లో వెనక్కొచ్చాడనుకోండి.