పార్లర్ పని మానేసి బ్యూటీషియన్ కోర్సు చెప్పడానికి వెళ్తే తృప్తి ఉంటుందా?

ఉంటుంది, కాకపోతే పార్లర్‌లో దొరికే తృప్తి వేరు. అక్కడ కస్టమర్ అద్దంలో చూసుకుని నవ్వితే ఆ పూటకి చాలు. ఇక్కడ, మొదట్లో థ్రెడింగ్ దారం పళ్ల మధ్య పట్టుకోవడమే రాక, పక్కమ్మాయి కనుబొమ్మ దగ్గర చేతులు వణికిన పిల్ల, కొన్ని వారాలకి కబుర్లు చెబుతూనే రెండు కనుబొమ్మలూ సమానంగా తీసేస్తుంది చూడండి, అదీ మజా. హెయిర్ డైలోని పీపీడీ అనే రసాయనం కొందరికి పడదని, అందుకే 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసే ప్యాచ్ టెస్ట్ చేయాలని ప్రతి బ్యాచ్‌కీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాలి. అది బోర్ అనిపిస్తే ఈ పని మీకు పడదు. బాగా నడిచే పార్లర్‌లో వచ్చేంత సంపాదన కూడా ఇందులో రాకపోవచ్చు. ఐటీఐలో చెప్పాలనుకుంటే అక్కడి టీచర్ల కోసం ఉండే ఏడాది సీఐటీఎస్ (క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్) శిక్షణ గురించి కనుక్కోండి. ఈలోపు దగ్గర్లోని సెంటర్‌లో పార్ట్‌టైమ్‌గా ఒక బ్యాచ్ తీసుకుని చూడండి.